అద్దె ఒక బాకీ, మరమ్మతు మరో బాకీ

విదేశాల్లో చదువుకుంటున్న పిల్లల పేర్లు ప్రార్థన మనవుల్లో వినిపించని ఆదివారం మన సంఘాల్లో అరుదు. వీసా రావాలని ఉపవాసముండి ప్రార్థిస్తాం. వచ్చాక సాక్ష్యం చెప్పించి, దేవునికి స్తుతులు చెల్లించి, విమానం ఎక్కిస్తాం. ఆ తర్వాత ఆ బిడ్డ ఎలాంటి ఇంట్లో ఉంటోంది, చలికాలంలో గది వెచ్చబడుతోందా, గోడకు చెమ్మ పట్టిందా అని మాత్రం మనలో అడిగేవాళ్లు తక్కువ. ఫోన్‌లో పిల్లలు "బాగానే ఉన్నాం" అంటారు. మనమూ నమ్మేస్తాం.

ఇంగ్లండ్‌లో విద్యార్థులు అద్దెకుండే ఇళ్లలో ఇప్పుడు ఒక ప్రశ్న తరచూ నలుగుతోంది. తెలుగు పిల్లలు కూడా ఆ ఇళ్లలో ఉన్నారు గనుక అది మన ఇళ్లకూ చేరుతోంది. ఆ ప్రశ్న ఇది: "ఏజెంట్ రిపేర్లు చేయించడం లేదు. ఇంట్లో ఉన్నవాళ్లమంతా కలిసి అద్దె ఆపేద్దామా?"

ఇలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. లెస్టర్‌లోనో కోవెంట్రీలోనో వరుసగా అతుక్కుని ఉన్న పాత ఇళ్లలో ఒకటి. అయిదుగురు విద్యార్థులు కలిసి తీసుకున్నారు. అక్టోబర్‌లో బాయిలర్ ఆగిపోయింది. వేడినీళ్లు లేవు, గదుల్లో హీటింగ్ లేదు. మెయిల్ పెట్టారు. "మీ ఫిర్యాదు అందింది" అని జవాబు వచ్చింది. నవంబర్‌లో కిటికీ పక్క గోడ మీద నల్లటి బూజు పాకింది. ఫోటోలు పంపారు. "తలుపులు, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి" అన్నారు. బయట వాన, లోపల చలి. డిసెంబర్‌లో అద్దె గడువుకు మూడు రోజుల ముందు మాత్రం గుర్తుచేసే మెసేజ్ ఠంచనుగా వచ్చింది. ఆ రాత్రి వంటగదిలో కూర్చుని, "రిపేరు చేయించేదాకా ఒక్క పౌండు కూడా కట్టొద్దు" అనుకున్నారు.

ఈ సంగతి ఇంటికి చేరితే తండ్రి ఏమంటాడు? పొలం తాకట్టు పెట్టో, ఇల్లు కుదువ పెట్టో చదువుకు పంపిన తండ్రి మొదట భయపడతాడు. తర్వాత కోప్పడతాడు. "అద్దె ఎగ్గొట్టడమేంటి? మనం అలాంటివాళ్లమా?" అంటాడు. విశ్వాసి అయితే మరో మాట కూడా కలుపుతాడు. ఎవరికీ బాకీపడి ఉండకూడదని పౌలు రోమీయులకు రాసిన ఉపదేశాన్ని గుర్తుచేస్తాడు. ఆ ఉపదేశం మనందరిదీ. దాన్ని మేము తేలిక చేయబోవడం లేదు. అయితే ఆ ఇంట్లో బాకీ ఒక్కటే ఉందా అన్నది ముందు చూడాలి.

మా లెక్కలో రెండు బాకీలు ఉన్నాయి. నెలనెలా అద్దె కట్టడం విద్యార్థుల బాకీ. ఆ ఇంటిని మనిషి ఉండదగినట్టు ఉంచడం యజమాని బాకీ. రెండో దాన్ని మేము దయాధర్మం కింద చెప్పడం లేదు. ఇంగ్లండ్ చట్టం దాన్ని అక్షరాలా బాధ్యతగా రాసింది. 1985 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల లోపు ఒప్పందాల్లో ఇంటి గోడలు, పైకప్పు, మురుగు గొట్టాలు, నీరు, గ్యాస్, కరెంటు ఏర్పాట్లు, హీటింగ్, వేడినీళ్లు అన్నీ బాగుండేలా చూడాల్సింది యజమానే. 2018లో వచ్చిన మరో చట్టం, ఇల్లు మనుషుల నివాసానికి పనికొచ్చేలా ఉండాలని, అలా లేకపోతే అద్దెదారు నేరుగా కోర్టుకు వెళ్లవచ్చని చెప్పింది. అది 2019 మార్చి 20 నుంచి అమల్లో ఉంది. అగ్రిమెంటులో యజమాని ఏం రాసుకున్నా ఈ బాధ్యతల నుంచి తప్పించుకోలేడు.

కాబట్టి ఆ అయిదుగురు డిసెంబర్‌లో వంటగదిలో కూర్చునే నాటికే ఒక బాకీ రెండు నెలలుగా తీరకుండా ఉంది. అది వాళ్లది కాదు. అయినా బాకీదారు అనే పేరు మాత్రం అద్దె ఆపిన రోజున వాళ్లకే వస్తుంది. ఈ తేడా ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోకుండా పిల్లలను మందలించడం న్యాయం కాదు.

తేడాకు మొదటి కారణం మధ్యలో ఉన్న మనిషి. మన ఊళ్లలో అద్దెకున్నవాళ్లకు ఇంటి ఓనరు ముఖం తెలుసు. చాలాచోట్ల కింది పోర్షన్‌లోనే ఉంటాడు. కుళాయి కారితే మెట్లు దిగి చెప్తాం. అతను చేయిస్తాడో, విసుక్కుంటాడో, "వచ్చే నెల చూద్దాం" అంటాడో, ఏదైనా ముఖాముఖి. ఇంగ్లండ్‌లోని విద్యార్థికి చాలాసార్లు యజమాని ఎవరో తెలియదు. ఆ ఊళ్లో ఉంటాడో, ఆ దేశంలోనే ఉంటాడో కూడా తెలియదు. తెలిసింది లెట్టింగ్ ఏజెంట్ ఒక్కరే. ఇల్లు చూపించేదీ, సంతకాలు పెట్టించుకునేదీ, అద్దె వసూలు చేసేదీ ఆ ఆఫీసే.

యజమాని తరఫున పనిచేసినందుకు ఏజెంట్‌కు వచ్చేది ప్రతినెలా అద్దెలో ఒక వాటా. అద్దె వస్తే అతనికి రాబడి. రిపేరు చేయిస్తే ఖర్చు యజమానిది, తిరుగుడు తనది. కొంత మొత్తం దాటిన పనికి యజమాని అనుమతి లేకుండా ఏజెంట్ డబ్బు పెట్టడానికి వీల్లేని ఒప్పందాలూ ఉంటాయి. అంచేత "ఓనర్‌కు చెప్పాం, జవాబు రాలేదు" అంటాడు ఏజెంట్. "ఏజెంట్ చూసుకుంటున్నాడనుకున్నాను" అంటాడు ఓనరు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. కానీ బాయిలర్ మాత్రం చల్లగానే ఉంటుంది. ఏజెంట్లందరూ చెడ్డవాళ్లని మేము అనడం లేదు. బాధ్యత చేతులు మారుతూ చివరకు ఎవరి చేతిలోనూ లేకుండా పోయే ఏర్పాటు ఇది అంటున్నాం.

అయితే చట్టం ఈ తెరను దాటి చూస్తుంది. ఏజెంట్ ఉన్నా రిపేరు బాధ్యత యజమానిదే. యజమాని పేరు, చిరునామా కావాలని అద్దెదారు రాతపూర్వకంగా అడిగితే, అద్దె వసూలు చేసేవాళ్లు 21 రోజుల్లో చెప్పాలి. చెప్పకపోవడం నేరం. 1985 చట్టంలో మొట్టమొదటి సెక్షన్ ఇదే. ముఖం లేని ఇంటికి ముఖం తెచ్చే ఈ హక్కు సంగతి తెలియక నెలల తరబడి ఒకే మెయిల్ అడ్రసుకు మొరపెట్టుకుంటూ ఉంటారు పిల్లలు.

రెండో కారణం కాలం. రెండు బాకీల్లో ఒకదాన్ని చట్టం తొందరగా వసూలు చేస్తుంది, రెండోదాన్ని నెమ్మదిగా. అద్దె బకాయి ఒక అంకె. బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిస్తే కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో ఇంతకాలం రెండు నెలల అద్దె బకాయిపడి, విచారణ రోజుకూ అది అలాగే ఉంటే, ఇల్లు ఖాళీ చేయించే ఉత్తర్వు తప్పనిసరిగా ఇవ్వాల్సిన నిబంధన ఒకటి ఉండేది. 2025 అక్టోబర్ 27న చట్టమైన రెంటర్స్ రైట్స్ యాక్ట్ దాన్ని మూడు నెలలకు పెంచింది. ఆ చట్టంలోని ముఖ్య నియమాలకు అమలు తేదీ 2026 మే 1. గడువు పెరిగింది గానీ దారి మూసుకుపోలేదు. గోడకు పట్టిన చెమ్మ అలా అంకెల్లో ఇమడదు. ఫోటోలు కావాలి, మెయిళ్లు కావాలి, నిపుణుడి రిపోర్టు కావాలి. "పిల్లలే తడిబట్టలు లోపల ఆరేశారు" అని అవతలివాళ్లు అంటారు. దానికి జవాబు చెప్పుకోవాలి. ఈలోగా చదువు అయిపోతుంది.

అందువల్ల అద్దె ఆపిన విద్యార్థి తన న్యాయమైన ఫిర్యాదును తనకే ప్రతికూలమైన కేసుగా మార్చుకునే ప్రమాదం ఉంది. రిపేరు చేయలేదు గనుక అద్దె కట్టనక్కర్లేదని ఇంగ్లండ్ చట్టంలో సాధారణ హక్కేమీ లేదు. యజమానికి ముందుగా తెలియజేసి, అతను చేయాల్సిన రిపేరును అద్దెదారే చేయించుకుని ఆ ఖర్చును తర్వాతి అద్దెలో మినహాయించుకోవచ్చని 1971 నాటి ఒక తీర్పు చెబుతోంది. కోర్టుకు వెళ్లాక రిపేర్ల వల్ల కలిగిన నష్టాన్ని ఎదురు దావాగా చూపించుకోవచ్చు. ఇవి నిజమైన రక్షణలే. కానీ లాయర్ సలహా లేకుండా, లెక్క రాసుకోకుండా వీటి మీద ఆధారపడటం ఈతరాక ఏట్లో దిగడమే.

ఇంకో చిక్కు కూడా ఉంది. అయిదుగురూ కలిసి ఒకే అగ్రిమెంటు మీద సంతకం పెడితే, మొత్తం అద్దెకు ప్రతి ఒక్కరూ బాధ్యులే. ముగ్గురు ఆపి ఇద్దరు కట్టినా బకాయి అయిదుగురి మీదా పడుతుంది. ష్యూరిటీ సంతకం పెట్టిన బంధువు ఎవరైనా ఉంటే నోటీసు ఆయన ఇంటికీ వెళ్లవచ్చు. కౌంటీ కోర్టు బాకీ కట్టమని తీర్పిస్తే, నెలలోగా కట్టకపోతే ఆ తీర్పు ఆరేళ్లు రికార్డుల్లో ఉంటుంది. రేపు అక్కడే ఉద్యోగం చూసుకుని ఇల్లు తీసుకోవాలనుకునే బిడ్డకు అది అడ్డొస్తుంది.

"మరి అద్దె ఆపి గెలిచినవాళ్లు లేరా?" అని పిల్లలు అడుగుతారు. ఉన్నారు. ఆ చరిత్ర తెలుసుకోదగ్గదే.

1915లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరానికి ఆయుధ కర్మాగారాల్లో పనికోసం జనం తరలివచ్చారు. అదను చూసి యజమానులు అద్దెలు పెంచారు. మగవాళ్లు చాలామంది యుద్ధంలోనో ఫ్యాక్టరీల్లోనో ఉన్నారు. మేరీ బార్బర్ అనే గృహిణి, ఆమెతో పాటు వేలాది ఆడవాళ్లు పెంచిన అద్దె కట్టబోమన్నారు. ఖాళీ చేయించడానికి అధికారి వస్తున్నాడంటే గంట మోగించేవారు. వీధిలోని ఆడవాళ్లంతా ఇంటిముందు గుమిగూడేవారు. నవంబర్ నాటికి దాదాపు 20,000 కుటుంబాలు సమ్మెలో ఉన్నాయి. ఆ నెల 17న కొందరు అద్దెదారులను కోర్టుకు ఈడ్చినప్పుడు వేలమంది ఊరేగింపుగా కోర్టుకు వెళ్లారు. సంవత్సరం తిరగకముందే పార్లమెంటు చట్టం చేసి అద్దెలను యుద్ధం మొదలైననాటి స్థాయికి కట్టడి చేసింది.

వందేళ్ల తర్వాత, 2015లో, లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ హాస్టల్ విద్యార్థులు పక్కనే జరుగుతున్న నిర్మాణ పనుల రొదలో పరీక్షలకు చదవలేకపోతున్నామని అద్దె ఆపారు. కాలేజీ చివరకు పరిహారం ఇవ్వాల్సివచ్చింది. 2020 నవంబర్‌లో, కరోనా ఆంక్షల కాలంలో, మాంచెస్టర్ యూనివర్సిటీ ఫాలోఫీల్డ్ హాస్టళ్ల చుట్టూ కంచెలు వేయడంతో విద్యార్థులు వాటిని పీకేశారు. అప్పటికే నడుస్తున్న అద్దె సమ్మె మరింత బలపడింది. ఆ నెలాఖరులోగా యూనివర్సిటీ 30 శాతం అద్దె తగ్గింపు ప్రకటించింది.

ఈ మూడు విజయాల్లో ఉమ్మడిగా ఉన్నదేమిటో గమనించాలి. ప్రతిచోటా వందలు, వేలమంది ఒక్కటిగా నిలిచారు. చివరి రెండింటిలో అవతలి పక్షం పేరు పోగొట్టుకోవడానికి భయపడే పెద్ద సంస్థ. పత్రికలు చూస్తున్నాయి. లెస్టర్ ఇంట్లోని అయిదుగురికి ఇవేవీ లేవు. వాళ్ల వెనక వీధి లేదు. అవతల ఉన్నది ఒక ఏజెంట్, అతని వెనక ముఖం తెలియని యజమాని. వేలమంది చేసినప్పుడు ఉద్యమమైనది అయిదుగురు చేస్తే బకాయి కేసు అయి ఊరుకోవచ్చు. ఈ తేడా చెప్పకుండా పిల్లలకు గ్లాస్గో కథ మాత్రమే చెప్పడం మోసం.

అలాగని ఓర్చుకోమని చెప్పడం కూడా మోసమే. చెమ్మను చిన్న విషయంగా చూస్తే ఏమవుతుందో ఇంగ్లండ్‌కు ఒక పసివాడి మరణం నేర్పింది. రోచ్‌డేల్ పట్టణంలో రెండేళ్ల అవాబ్ ఇషాక్ 2020 డిసెంబర్‌లో చనిపోయాడు. వాళ్లది ఒక హౌసింగ్ సంస్థ అద్దెకిచ్చిన ఫ్లాట్. గోడలకు బూజు పట్టిందని తండ్రి ముందే ఫిర్యాదు చేస్తే పైన రంగు వేసుకోమన్నారు. ఎంతోకాలం ఆ బూజు గాలి పీల్చడమే మరణకారణమని 2022 నవంబర్‌లో విచారణాధికారి తేల్చారు. ఆ పసివాడి పేరుతోనే వచ్చిన నియమాలు 2025 అక్టోబర్ 27 నుంచి ఇంగ్లండ్‌లోని సామాజిక గృహాలకు వర్తిస్తున్నాయి. ప్రాణాపాయమున్న లోపాన్ని 24 గంటల్లో చక్కదిద్దాలి. ప్రమాదకరమైన చెమ్మ, బూజు ఉందన్న ఫిర్యాదును పది పనిదినాల్లోగా పరిశీలించాలి. ప్రైవేటు అద్దె ఇళ్లకు కూడా వీటిని విస్తరించే వీలును కొత్త చట్టం కల్పించింది.

రంగు వేసుకోమన్న ఆ జవాబు చదివినప్పుడు మాకు లేవీయకాండము పద్నాలుగో అధ్యాయం గుర్తొచ్చింది. మనం చదివేటప్పుడు త్వరగా దాటేసే అధ్యాయాల్లో అదొకటి. ఇంటిగోడలో పొడ కనిపిస్తే ఏం చేయాలో అందులో ఉంది. ఆ ఇంటివాడే యాజకుని దగ్గరకు వెళ్లి చెప్పాలి. యాజకుడు వచ్చి చూస్తాడు. ఏడు రోజులు ఇల్లు మూయించి మళ్లీ చూస్తాడు. పొడ పాకితే ఆ రాళ్లు ఊడదీయించి, గోడలు గీయించి, ఆ మట్టిని ఊరి బయట పోయించి, కొత్త రాళ్లు పెట్టి కొత్తగా పూత వేయించాలి. అప్పటికీ తిరిగి వస్తే ఇంటిని పడగొట్టాలి. పైన రంగు పూసి సరిపెట్టుకునే దారి అందులో లేదు. చూసి తీర్పు చెప్పేవాడు కూడా ఆ ఇంటివాడు కాదు, మూడో మనిషి. గోడ ఆరోగ్యాన్ని దేవుని ధర్మశాస్త్రం అంత శ్రద్ధగా పట్టించుకుంటే, అది లౌకిక విషయమని సంఘం పక్కన పెట్టడం ఎలా కుదురుతుంది?

మరి ఆ అయిదుగురికి మనం ఏం చెప్పాలి? ఇంగ్లండ్ వరకు మాకు తెలిసిన దారి ఇది. స్కాట్లండ్, వేల్స్ చట్టాలు వేరు. యూనివర్సిటీ హాస్టళ్లకూ, విద్యార్థుల కోసమే కట్టిన పెద్ద భవనాలకూ నియమాలు కొంత వేరు.

మొదటిది, ఫోన్ మాటలు వదిలి రాతలోకి రావాలి. తేదీ కనిపించే ఫోటోలు, మెయిళ్లు, జవాబులు ఒకచోట దాచాలి. ఎవరైనా ఫోన్‌లో హామీ ఇస్తే, "మీరు ఇలా చెప్పారు" అని వెంటనే మెయిల్ పెట్టాలి. రెండోది, యజమాని పేరు, చిరునామా రాతపూర్వకంగా అడగాలి. మూడోది, ఏజెంట్ ఆఫీసుకు అధికారిక ఫిర్యాదు ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో ప్రతి లెట్టింగ్ ఏజెంట్ గుర్తింపు పొందిన ఒక ఫిర్యాదుల పరిష్కార సంస్థలో సభ్యుడై ఉండాలని 2014 అక్టోబర్ నుంచి నియమం ఉంది. ఎనిమిది వారాల్లో తేలకపోతే అక్కడికి వెళ్లవచ్చు. దానికి ఫీజు లేదు.

నాలుగోది, స్థానిక కౌన్సిల్. ఇళ్ల ఆరోగ్య, భద్రతా ప్రమాణాలను తనిఖీ చేసే విభాగం ప్రతి కౌన్సిల్‌లో ఉంటుంది. వాళ్లు వచ్చి చూసి, ప్రమాదముందని తేలితే మరమ్మతులు చేయమని యజమానికి నోటీసు ఇవ్వగలరు. లేవీయకాండములోని మూడో మనిషి స్థానం ఇప్పుడు ఆ ఉద్యోగిది. అయిదోది, ఇంటి లైసెన్సు. ఒకే కుటుంబం కాని అయిదుగురు లేక అంతకు మించి ఒక ఇంట్లో వంటగది, బాత్రూమ్ పంచుకుంటూ ఉంటే యజమానికి కౌన్సిల్ లైసెన్సు ఉండాలి. ఉందో లేదో కౌన్సిల్‌ను అడిగితే చెబుతారు. లేకపోతే, కట్టిన అద్దెను తిరిగి ఇప్పించమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. ఇప్పటివరకు 12 నెలల అద్దె దాకా అలా రాబట్టుకునే వీలుంది. కొత్త చట్టం ఆ పరిమితిని 24 నెలలకు పెంచింది. అద్దె ఆపి కేసులో ఇరుక్కోవడం కంటే, అద్దె కట్టి చట్టం ద్వారా తిరిగి రాబట్టుకోవడం చాలాసార్లు బలమైన దారి.

ఆరోది, అద్దె జోలికి వెళ్లేముందు సలహా తీసుకోవాలి. ప్రతి యూనివర్సిటీ స్టూడెంట్ యూనియన్‌లో సలహా కేంద్రం ఉంటుంది. సిటిజన్స్ అడ్వైస్, షెల్టర్ సంస్థలు ఉచితంగా దారి చూపిస్తాయి. కొత్త చట్టం కింద అద్దెదారు రెండు నెలల నోటీసిచ్చి ఇల్లు వదలవచ్చు. యజమాని ఒక నెలకు మించి ముందస్తు అద్దె అడగకూడదు. అక్కడ ష్యూరిటీ దొరకని మన పిల్లలను ఆరునెలల, ఏడాది అద్దె ఒకేసారి కట్టమనడం ఇన్నాళ్లూ మామూలే. అలా ముందే మొత్తం కట్టేసిన పిల్లవాడికి రిపేరు అడిగేందుకు చేతిలో మిగిలింది బతిమాలడం ఒక్కటే.

ఇవన్నీ చేశాక కూడా, సలహా తీసుకుని, అయిదుగురూ ఒక్కమాట మీద నిలబడి అద్దె ఆపాలని నిర్ణయించుకుంటే? అప్పుడు ఒక్క పరీక్ష చాలు. ఆపిన డబ్బు ఎక్కడ ఉంది? వేరే ఖాతాలో పైసాతో సహా ఉంచి, "ఫలానా రిపేరు పూర్తికాగానే చెల్లిస్తాం" అని రాతపూర్వకంగా తెలియజేసినవాళ్లను మేము ఎగవేతదారులని పిలవం. రెండు బాకీలూ ఒకేసారి తీరాలని వాళ్లు అడుగుతున్నారు, అంతే. ఆ డబ్బుతో కొత్త ఫోన్ కొనుక్కుని "బూజు పట్టింది గనుక కట్టను" అనేవాడి దారి వేరు. పౌలు ఉపదేశం వాడికి నేరుగా తగులుతుంది.

ఇక చెప్పడానికి మనసొప్పని సంగతి ఒకటి ఉంది. నాలుగు పేర్ల మీద తీసుకున్న ఇంట్లో ఎనిమిదిమంది ఉండటం మన విద్యార్థుల్లో తెలియని విషయం కాదు. అగ్రిమెంటు ఒకరి పేర ఉంటుంది. మిగతావాళ్లు ఆ "అన్న"కు చేతికి డబ్బిస్తారు. రసీదు ఉండదు, డిపాజిట్‌కు రక్షణ ఉండదు. బాయిలర్ పాడైతే కౌన్సిల్‌ను పిలవలేరు, పిలిస్తే తమ లెక్కే బయటపడుతుంది. చవకగా వస్తుందని ఒప్పుకున్న చోటే నోరు కట్టేసుకుంటున్నారు. వారానికి 20 గంటల పని పరిమితిలో ఫీజులు, అప్పు వాయిదాలు, అద్దె అన్నీ సర్దుకోవాల్సిన పిల్లలకు ఈ ఆశ కలగడం మాకు అర్థమవుతుంది. అయినా తల్లిదండ్రులు ముందే అడగాలి: అగ్రిమెంటు ఎవరి పేర ఉంది? డిపాజిట్‌ను 30 రోజుల్లో గుర్తింపు పొందిన పథకంలో వేశారా? చట్టం ప్రకారం అది సాధారణంగా అయిదు వారాల అద్దెకు మించకూడదు. మించిందా? అమ్మాయి ఏం తింటోందని అడిగినట్టే ఇవీ అడగాలి.

అక్కడి తెలుగు సంఘాలకు మా మనవి ఇది. ఆరాధన తర్వాత అన్నం పెట్టి పంపుతున్నారు, మంచిదే. నెలకొకసారి ఆ బల్ల దగ్గరే అగ్రిమెంటు చదివిపెట్టే పెద్దను ఒకరిని కూర్చోబెట్టండి. మెయిల్ ఎలా రాయాలో చెప్పండి. కౌన్సిల్ తనిఖీకి వచ్చే రోజున ఆ పిల్లల పక్కన ఒక పెద్దమనిషి నిలబడితే ఏజెంట్ మాటతీరు మారుతుంది. మీలో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు ఉంటే, సాటి తెలుగువాడని మీ తలుపు తట్టిన విద్యార్థికి రసీదు ఇవ్వండి.

ఇక్కడి సంఘాలకూ ఒక మాట. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో హాస్టళ్లు నడిపేవాళ్లు, పోర్షన్లు అద్దెకిచ్చేవాళ్లు మన మధ్య చాలామంది ఉన్నారు. ఒకటో తారీఖున అద్దె కోసం తలుపు కొట్టే మనం, కారుతున్న స్లాబును ఎన్ని వానాకాలాలు వాయిదా వేశాం? కొత్త ఇల్లు కట్టినవాడు పైన పిట్టగోడ కట్టాలని, లేకపోతే అక్కడినుంచి ఎవరైనా పడితే ఆ దోషం ఆ ఇంటిమీద ఉంటుందని ద్వితీయోపదేశకాండము ఇరవై రెండో అధ్యాయం హెచ్చరిస్తుంది. మన బిడ్డ కోసం అక్కడి యజమాని నుంచి ఏ న్యాయం కోరుతున్నామో, మన పై పోర్షన్‌లో అద్దెకున్న ఎవరి బిడ్డకో అదే న్యాయం మనం బాకీ.

ఆ తండ్రికి మళ్లీ ఫోన్ వస్తే ఏమనాలి? "ఎగ్గొట్టొద్దు" అని ఒక్క మాటతో పెట్టేయవద్దు. "ముందు ఫోటోలు పంపు, నువ్వు రాసిన మెయిళ్లు పంపు, కలిసి చదువుదాం" అనండి. మీకు ఇంగ్లిష్ రాకపోతే సంఘంలో వచ్చినవాళ్లను పిలవండి. వచ్చే ఆదివారం ప్రార్థన మనవుల్లో ఆ బిడ్డ పేరు చదివేటప్పుడు, పేరు పక్కన ఇంటి సంగతి కూడా చేర్చండి. ఆరాధన అయ్యాక ఆ తల్లిదండ్రుల దగ్గరకు వెళ్లి, బాయిలర్ బాగైందా అని అడగండి.